ఆధార శ్రుతి

ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు కళ్లకు తీరిక ఉండదు. సెలైన్ చూసుకోవాలి, సిరంజి చూసుకోవాలి, రోగి ముఖం చూడాలి, సర్జన్ చేతుల కింద రక్తం ఎంత పోతోందో కనిపెట్టాలి. అందుకే రక్తంలో ఆక్సిజన్ సంగతి ఆయన చెవికి అప్పగించారు. రోగి వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటరు గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక కూత కూస్తుంది. ఆక్సిజన్ నిండుగా ఉన్నంతసేపూ ఆ కూత హెచ్చు స్థాయిలో ఉంటుంది, తగ్గేకొద్దీ కిందికి దిగుతుంది. రాయపూర్‌లో అంబేద్కర్ ఆసుపత్రికి వెళ్లినా, టాటీబంధ్‌లో ఎయిమ్స్‌కి వెళ్లినా, ఏ పేటలోని నర్సింగ్ హోమ్‌కి వెళ్లినా ఇదే ఏర్పాటు. కూత దిగడం మొదలైందంటే, తెర వైపు తల తిప్పకముందే డాక్టరు చెయ్యి ఆక్సిజన్ గొట్టం మీదికి పోతుంది.

వేలిలోంచి వెలుతురు పంపి, నాడి కొట్టుకునే లయలోంచే ఆక్సిజన్ లెక్క తీయవచ్చని 1974లో కనిపెట్టినవాడు జపాన్ ఇంజనీరు తాకువో అయోయాగి. ఆ లెక్కకు స్వరం ఇచ్చి ఆపరేషన్ గదిలోకి తెచ్చింది అమెరికాలో మత్తు వైద్యుడు విలియం న్యూ పెట్టిన నెల్కోర్ కంపెనీ, 1983లో. మనిషి ప్రాణాన్ని స్వరం హెచ్చుతగ్గుల మీద ఇంతగా ఆనించిన పరికరం ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఆక్సిజన్ తగ్గితే స్వరమూ తగ్గి తీరాలని అంతర్జాతీయ ప్రమాణాలు ఆ తర్వాత నియమం కూడా పెట్టాయి.

అయితే ఆ డాక్టరునే గదిలోకి అప్పుడే పిలిచి, కూత ఒక్కసారి వినిపించి, ఇది 96 శాతమా 93 శాతమా అని అడిగితే చెప్పడం కష్టం. మత్తు వైద్యుల మీదే ఇలాంటి పరీక్షలు పెట్టి చూశారు. మార్పు పైకా కిందికా అన్నది చెప్పినంత బాగా, ఆ మార్పు ఎంత అన్నది వాళ్లు చెప్పలేకపోయారు. పైగా ఎంత ఆక్సిజన్‌కి ఎంత స్వరం అన్నది ఒక్కో కంపెనీ మిషన్‌లో ఒక్కో రకం. దిగిందని ఇట్టే పట్టేసే చెవికి, ఎక్కడికి దిగిందో తెలియదు. శబ్దంతో సమాచారం చెప్పాలని మనుషులు చేసిన ప్రయత్నాలను వెనక్కి తిరిగి వరసగా చూస్తే, నెగ్గినవన్నీ ఈ బలాన్ని నమ్ముకున్నవే, ఓడినవన్నీ ఈ బలహీనతను మరిచిపోయినవే.

ఈ సంగతి అందరికన్నా ముందు తెలిసినవాళ్లు సంగీతజ్ఞులు. నాట్యశాస్త్రంలో భరతుడు రెండు వీణల ప్రయోగం ఒకటి చెప్పాడు. రెండు వీణలను ఒకేలా శ్రుతి చేయాలి. ఒకటి ధ్రువవీణ, దాన్ని ముట్టుకోకూడదు. రెండోది చలవీణ. దాని తీగలన్నిటినీ ఒక్కో శ్రుతి చొప్పున నాలుగు దఫాలు దించుకుంటూ పోవాలి. రెండో దఫాకి చలవీణ మీది గాంధార నిషాదాలు వచ్చి ధ్రువవీణ మీది రిషభ ధైవతాలతో కలిసిపోతాయి. మూడో దఫాకి రిషభ ధైవతాలు షడ్జ పంచమాలతో కలుస్తాయి. నాలుగో దఫాకి షడ్జ మధ్యమ పంచమాలు తమ కింది స్వరాలతో కలుస్తాయి. రెండేసి శ్రుతుల స్వరాలు రెండు, మూడేసివి రెండు, నాలుగేసివి మూడు. అన్నీ కూడితే 22.

ఈ ప్రయోగంలో కొలబద్ద లేదు. కదలని వీణ ఒకటి పక్కన పెట్టి, చెవిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: కలిసిందా, ఇంకా కలవలేదా? ఆ ప్రశ్నకు చెవి తడుముకోకుండా జవాబు చెప్పగలదు. ఆ 22 శ్రుతులు ఒక్కొక్కటీ ఎంత అన్న దాని మీద 1910లలో దేశంలో పెద్ద తగవే నడిచింది. సాంగ్లీలో కె.బి. దేవల్ లెక్క ఒకటి, తంజావూరు అబ్రహాం పండితర్ చెప్పిన 24 శ్రుతుల లెక్క ఒకటి. 1916 బరోడా సంగీత మహాసభలోనూ ఈ వాదం నడిచింది. ఆ తగవు నా దృష్టిలో రెండో స్థానానిదే. ధ్రువవీణ అనే ఆలోచన మొదటి స్థానానిది.

తెలుగువాళ్లు ఈ ఆలోచనను వీణ దండి మీదికి తెచ్చారు. విజయనగరంలో అళియ రామరాయల ఆదరణలో రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రాస్తూ, వీణ మీద మెట్లు ఎక్కడెక్కడ ఉండాలో, ఏ తీగ మీద ఏ మెట్టుకు ఏ స్వరం పలకాలో వివరంగా చెప్పాడు. రాజమహేంద్రవరం ప్రాంతంవాడని చెప్పే సోమనాథుడు 1609లో రాగవిబోధలో ఆ పనిని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. స్వరానికి ఒక స్థలం ఏర్పడింది. చెవికి వినిపించేది కంటికీ వేలికీ కూడా అందింది.

ఆ స్థలాన్ని కట్టే చేతులు ఈనాటికీ మా రైలు లైను మీదే ఉన్నాయి. రాయపూర్‌లో విశాఖ వైపు రైలెక్కితే మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం దాటాక బొబ్బిలి వస్తుంది. 1931లో ఈ లైను పూర్తయ్యాక విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు రైల్వే కొలువులకీ కూలిపనులకీ ఈ దారినే ఛత్తీస్‌గఢ్ చేరాయి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. ఒకే పనస దుంగను తొలిచి కుండ, దండి, అన్నీ ఏకంగా తీసే ఏకాండి వీణకు ఆ ఊరు పేరు.

చెక్కపని అంతా ఒక ఎత్తు, చివర మేళం కట్టడం ఒక ఎత్తు. దండికి రెండు వైపులా నల్లటి మైనం గట్టు పోస్తారు. దాని మీద 24 మెట్లు నిలబెట్టాలి. మైనం మెత్తగా ఉండగానే మెట్టు ఆనించి, తీగ నొక్కి మీటి, విని, వెంట్రుకవాసి అటో ఇటో జరుపుతారు. మళ్లీ మీటుతారు. అంగుళాల లెక్క సుమారుగా దారి చూపిస్తుంది, తీర్పు మాత్రం చెవిదే. ఆ చెవి ఒంటరిగా తీర్పు చెప్పదు. పక్కన ఆధార తీగ మోగుతూ ఉంటుంది, దాంతో పోల్చి చెప్తుంది. పన్నెండో మెట్టు మీద నొక్కిన తీగ, విడిగా మీటిన అదే తీగకు సరిగ్గా పై షడ్జం పలకాలి. పలికిందా లేదా అన్నది సంగీతం రానివాళ్లకి కూడా తెలుస్తుంది.

ఆ మెట్లను పరిశీలనగా చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మొదటి మెట్ల మధ్య ఎడం ఎక్కువ. కుండ వైపు వచ్చేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి. చెవికి సమానంగా తోచే అడుగులు కొలతలో సమానంగా ఉండవు. సెకనుకు 200 కంపనాల నుంచి 400కి ఎక్కితే ఒక స్థాయి. అంతే ఎత్తు మళ్లీ ఎక్కాలంటే 600 చాలదు, 800 కావాలి. చెవి కూడిక లెక్క వినదు, హెచ్చవేత లెక్క వింటుంది. ఇరవయ్యో శతాబ్దంలో అంకెలకు స్వరాలు కట్టిన ఇంజనీర్లు కొందరు దీన్ని పట్టించుకోలేదు. ఆక్సీమీటర్లలో కొన్ని కూడిక లెక్కలో నడుస్తాయి, కొన్ని హెచ్చవేత లెక్కలో. కూడిక లెక్కలో నడిచే మిషన్ మీద ఒకే శాతం తగ్గుదల పైన చిన్నదిగా, కింద పెద్దదిగా వినిపిస్తుంది.

స్వరాన్ని పోల్చడానికి ఆధారం కావాలి సరే, ఆ ఆధారం ఎలాంటి శబ్దమై ఉండాలి? దీనికి జవాబు తంబూరాలో ఉంది. తీగలు ఆనే గుర్రం మీద తీగ కింద ఒక నూలుపోగు దూరుస్తారు, దాన్ని జీవాళి అంటారు. ఆ పోగును కాస్త ముందుకో వెనక్కో జరుపుతూ ఉంటే ఒకచోట తీగ ఉన్నట్టుండి తేనెటీగల తుట్టెలా ఝుమ్మంటుంది. ఆ ఝుంకారాన్ని ప్రయోగశాలలో పరిశీలించినవాడు, బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్. మీటిన చోటును బట్టి తీగలో కొన్ని అనుస్వరాలు, అంటే మూలస్వరంతో పాటు దాని పైన పలికే సన్నటి స్వరాలు, పుట్టకూడదని పాశ్చాత్య సూత్రం చెప్తుంది. వీణలోనూ తంబూరాలోనూ అవి కూడా మోగుతున్నాయని 1921లో ఆయన చూపించాడు. అంతకు ముందు ఏడాదే శివకాళీ కుమార్‌తో కలిసి మృదంగం సంగతి తేల్చాడు. మామూలు డోలు చర్మం నుంచి వచ్చే అనుస్వరాలు ఒకదానికొకటి పొసగవు, అందుకే డోలుకు స్వరం తెలియదు. మృదంగం కుడివైపు మధ్యలో మెత్తే నల్లటి కరణి ఆ అనుస్వరాలను వరసలోకి తెచ్చి, మూలస్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా నిలబెడుతుంది. అప్పుడు చర్మం కూడా షడ్జం పలుకుతుంది.

చెవి స్వరాన్ని పట్టేది ఆ వరస మొత్తాన్ని చూసుకుని. ఎంత గట్టిగా అంటే, అడుగున మూలస్వరాన్ని తీసేసినా మిగతా వరసను బట్టి అది అక్కడ ఉన్నట్టే వింటుంది. 1924లో అమెరికాలో హార్వీ ఫ్లెచర్, 1940లో నెదర్లాండ్స్‌లో షౌటెన్ ఈ విషయం మీద పని చేశారు. దీనికి రుజువు ఇంటింటా ఉంది. పాత టెలిఫోను లైను 300 కంపనాల కింద ఉన్నదేదీ పంపదు. మగవాళ్ల గొంతు మూలస్వరం వంద, నూట యాభై దగ్గర ఉంటుంది. అయినా శ్రీకాకుళం నుంచి తాతయ్య ఫోన్ చేస్తే రాయపూర్‌లో ఆయన బొంగురు గొంతే వినిపించింది, మరొకరి గొంతు కాదు. పరికరాల్లో పెట్టే ఒట్టి ఈల లాంటి స్వరం కన్నా అనుస్వరాలు నిండిన స్వరం మేలని ఈ రంగంలో పని చేసేవాళ్లు చెప్పడం ఇందుకే. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మహాభారతం పాడి చెప్పే పండవాని కథకులు తంబూరా వదలరు. వాళ్లలో పేరుపొందిన తీజన్ బాయి చేతిలో అదే భీముడి గద, అదే అర్జునుడి విల్లు అయ్యేది. ఆ తీగ మోగుతున్నంతసేపూ కథకురాలి గొంతు ఎంత ఎగిసినా వినేవాళ్లకు నేల తెలుస్తూనే ఉండేది.

స్వరాన్ని ఒట్టి సమాచారంగా వాడుకున్న వరస ఇంకొకటి, వైద్యులదీ పనివాళ్లదీ. వియన్నాలో ఔఎన్‌బ్రుగ్గర్ 1761లో రోగి ఛాతీ మీద వేళ్లతో తట్టి ఊపిరితిత్తుల్లో నీరుందో లేదో చెప్పే పద్ధతి ప్రకటించాడు. వాళ్ల నాన్న సత్రం నడిపేవాడు. పీపాను తట్టి సారా ఎంతుందో చూసుకోవడం ఆ ఇంట్లో మామూలు. 1816లో లెన్నెక్ స్టెతస్కోపు వచ్చింది. రైల్వేలో చక్రాన్ని సుత్తితో కొట్టి చూసే పనీ ఇదే కోవలోది. మంచి చక్రం ఖంగుమంటుంది, పగులున్న చక్రం చచ్చిన మోత ఇస్తుంది. వీటన్నిటిలో పక్కనున్న మంచి ఛాతీ, పక్కనున్న మంచి చక్రమే ఆధారం.

కరెంటు వచ్చాక స్వరం తీగల మీద ప్రయాణం కట్టింది. 1855లో ఇంగ్లండులో బ్రైట్ సోదరులు టెలిగ్రాఫ్‌కి రెండు గంటలు కట్టారు. ముల్లు ఎడమకు కదిలితే ఒక స్వరం, కుడికి కదిలితే ఇంకో స్వరం. గుమస్తా ముల్లు వైపు చూడకుండానే రాసుకునేవాడు. రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి ఒక్క బండినే వదిలే రైల్వే బ్లాక్ పనిలోనూ ఇలాంటి ఉపాయమే ఉంది. రాయపూర్–విజయనగరం లైను మీద ఏ చిన్న స్టేషన్నయినా తీసుకోండి. స్టేషన్ మాస్టరు బల్ల దగ్గర రెండు బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్లు, పై స్టేషనుకొకటి, కింది స్టేషనుకొకటి. ఒక దెబ్బ మోగితే ఫోన్ ఎత్తమని. రెండు దెబ్బలు లైన్ క్లియర్ అడగడానికి. మూడైతే బండి సెక్షన్‌లోకి వచ్చింది, నాలుగైతే దాటిపోయింది. ఆరు దెబ్బలు మోగితే దారిలో ప్రమాదం, ఆపాలి. దెబ్బల లెక్క వార్త చెప్తుంది. ఆ వార్త ఏ వైపు నుంచి వచ్చిందో గంట స్వరం చెప్తుంది. ఒక వైపు గంట ఖణేల్‌మంటుంది, రెండో వైపుది కాస్త బరువుగా మోగుతుంది. అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్న మాస్టరు కూడా వాటిని తారుమారు చేసుకోడు.

ఎంత గొప్ప పొదుపు చూడండి. స్వరాన్ని అడిగింది రెండింటిలో ఏది అని మాత్రమే. మిగతా బరువంతా లెక్క మీద పెట్టారు. ఆ పాత సిగ్నల్ ఇంజనీర్లకు మనస్తత్వ శాస్త్రం చెప్పినవాళ్లెవరూ లేరు. వందేళ్ల తర్వాత 1952లో ఇర్విన్ పోలక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, వాళ్లు చేసింది ఎందుకు సరైనదో ప్రయోగంలో చూపించాడు. వినేవాళ్లకు కొన్ని స్వరాలు నేర్పి, ఒక్కొక్కటే వినిపించి, దాని అంకె చెప్పమన్నాడు. రెండు మూడు స్వరాలైతే పొరపాటే లేదు. నాలుగైతే అరుదుగా. అయిదు దాటాక తడబాటు మొదలు. పద్నాలుగు పెడితే అంతా గందరగోళం. వంద కంపనాలకీ ఎనిమిది వేల కంపనాలకీ మధ్య స్వరాలను ఎంత దూరదూరంగా పెట్టినా మార్పు పెద్దగా లేదు. ఆరింటికి మించి విడి స్వరాలకు పేరు పెట్టడం మామూలు మనిషి వల్ల కాదని తేలింది. జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ఏడు అంకె గురించిన ప్రసిద్ధ వ్యాసంలో మొదట కనిపించే ఉదాహరణల్లో ఇదొకటి. అదే మనిషికి వెయ్యి కంపనాల స్వరం ఒకటి, వెయ్యి మూడు కంపనాల స్వరం ఒకటి వెంటవెంటనే వినిపించండి. కాస్త అలవాటుపడితే తేడా చెప్పేస్తాడు. పేరు పెట్టమంటే ఆరు, పోల్చమంటే వందలు.

ఇదే రైలు చెవి చేసే ఇంకో పొరపాటును కూడా బయటపెట్టింది. కదిలే వస్తువు నుంచి వచ్చే స్వరం వినేవాళ్లకు మారి వినిపిస్తుందని డాప్లర్ 1842లో చెప్పిన సిద్ధాంతాన్ని పరీక్షించడానికి 1845లో నెదర్లాండ్స్‌లో బైస్ బాలోట్ రైలింజను మీద బాకా ఊదేవాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన చెవి గట్టి సంగీతజ్ఞులను నిలబెట్టాడు. అప్పటికి కంపనాలు కొలిచే మంచి యంత్రం లేదు, చెవే యంత్రం. రైలు దాటిపోతుంటే స్వరం దిగిందని వాళ్లు చెప్పారు, లెక్కకు సరిపోయింది. అయితే ఏదైనా లెవెల్ క్రాసింగ్ దగ్గర నిలబడ్డవాళ్లను అడగండి. బండి దగ్గరకొచ్చేకొద్దీ కూత హెచ్చుతూ వచ్చిందంటారు. నిజానికి ఇంజను మన వైపు వస్తున్నంతసేపూ స్వరం హెచ్చదు, ఎదురొచ్చేకొద్దీ దిగుతుందే గానీ. పెరిగేది మోత. మోత పెరుగుతుంటే స్వరమూ పెరుగుతున్నట్టు చెవి భ్రమపడుతుంది. జాన్ న్యూహాఫ్, మైఖేల్ మెక్‌బీత్ 1996లో ఈ భ్రమను ప్రయోగంలో చూపించారు. 2002లో న్యూహాఫ్, గ్రెగరీ క్రేమర్, వేయండ్‌లతో కలిసి ఇంకో అడుగు వేశాడు. ఒక అంకెకు స్వరం, ఇంకో అంకెకు మోత కట్టి రెండూ ఒకేసారి వినిపిస్తే, ఒకటి ఇంకొకదాన్ని వంకర చేస్తుందని తేల్చాడు. రెండు వివరాలు ఒకే కూతలో పెట్టి ఆదా చేద్దామనుకునేవాళ్లకు ఇది పెద్ద హెచ్చరిక.

చూపు లేనివాళ్ల కోసం జరిగిన ప్రయత్నాల్లో మొదటి పేరు ఆప్టోఫోను. ఫోర్నియర్ డాల్బే 1912లో మొదలుపెట్టిన ఈ యంత్రం అచ్చు అక్షరాల మీదుగా జరుగుతూ, అక్షరంలో పై గీతకు హెచ్చు స్వరం, కింది గీతకు తగ్గు స్వరం పలికేది. మేరీ జేమ్సన్ అనే అంధురాలు ఏళ్ల సాధనతో నిమిషానికి 60 మాటల దాకా చదవగలిగింది. ఆమె విడివిడి స్వరాలకు పేర్లు పెట్టలేదు, స్వరాలు కదిలే తీరును ఒక్కో అక్షరంగా గుర్తుపట్టింది. అంతటి సాధన ఎక్కువమందికి సాధ్యపడక ఆ యంత్రం నిలవలేదు. 1992లో పీటర్ మైయర్ ఇదే సూత్రాన్ని కెమెరా బొమ్మకు వర్తింపజేశాడు.

అదే 1992లో అమెరికాలో శాంటా ఫేలో క్రేమర్ చొరవతో, సమాచారాన్ని శబ్దంగా వినిపించే పని చేసేవాళ్లంతా మొదటిసారి సమావేశమై, దీన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టారు. ఆ తర్వాత బ్రూస్ వాకర్ చేసిన పని నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. దేనికి ఏ వైపు స్వరం హెచ్చాలి అన్న చిన్న ప్రశ్న వేశాడాయన. వేడి పెరిగితే స్వరం హెచ్చాలి అన్నారు ఎక్కువమంది. వస్తువు పెద్దదైతే మాత్రం స్వరం తగ్గాలన్నారు. పెద్ద గంట బరువుగా మోగుతుంది కదా. డబ్బు దగ్గర వచ్చింది చిక్కు. చూపున్నవాళ్లు డబ్బు పెరిగితే స్వరం హెచ్చాలనుకున్నారు. చూపు లేనివాళ్లలో అది తిరగబడింది. డబ్బును వాళ్లు బల్ల మీద పడే బరువుగా విని ఉంటారని వాకర్ ఊహ. పరికరం చేసేవాడు తన చెవిని లోకం చెవి అనుకుంటే, ఎవరి కోసం చేస్తున్నాడో వాళ్లకే తప్పుడు వార్త అందుతుంది.

2005లో డేనియల్ స్మిత్, వాకర్ కలిసి చేసిన పరిశోధన నన్ను భరతుడి దగ్గరికి తీసుకుపోయింది. ధరల గ్రాఫును స్వరంగా వినిపించి, ఫలానా గంటకు ధర ఎంత అని అడిగారు. గ్రాఫు స్వరం ఒక్కటే వినిపించినప్పుడు జవాబులు దూరంగా పోయాయి. గరిష్ఠ ధర, కనిష్ఠ ధర ఇవీ అని తెలిపే ఆధార స్వరాలు పక్కన వినిపించినప్పుడు జవాబులు మెరుగుపడ్డాయి. అది ధ్రువవీణే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పెనెలొప్ శాండర్సన్ బృందం నెలలు నిండని పసికందుల ఆక్సీమీటరు మీద ఇలాంటి పనే చేసింది. ఆ పిల్లలకు ఆక్సిజన్ తక్కువైతే మెదడుకు ముప్పు, ఎక్కువైతే కంటి రెటీనాకు ముప్పు. ఇరుకైన హద్దులో నిలపాలి. దిగుతోందా ఎక్కుతోందా అన్నది అక్కడ చాలదు, హద్దులో ఉందా లేదా అన్నది తెలియాలి. హద్దు దాటగానే స్వరానికి వణుకు జోడిస్తే వినేవాళ్లు ఒట్టి స్వరంలో కన్నా బాగా పసిగట్టారు. గుండె కూతకు ముందు ఒక ఆధార స్వరం వినిపించే పద్ధతినీ ఆ బృందం పరీక్షించింది.

ఇప్పుడు ఈ శబ్దాలు జేబుల్లోకి వచ్చేశాయి. చూపు లేనివాళ్లు కంప్యూటర్లో ఉచితంగా వాడుకునే, తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ, ఏదైనా ఫైలు దిగుమతి అవుతుంటే శాతం పెరిగేకొద్దీ హెచ్చే కూతలు వినిపిస్తుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరం వస్తే గొంతు కాస్త హెచ్చిస్తుంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు కాబట్టి తెలుగు చదివేటప్పుడు స్వరం హెచ్చుకు పనే లేదు, ఆ వసతి ఊరికే మిగిలిపోయింది. ఒత్తులు గుర్తుపట్టడానికో, రెండు పేర్ల మధ్య తేడా చెప్పడానికో దాన్ని వాడుకోవచ్చు. 2021లో ఆపిల్ ఫోన్లలో చార్టులను స్వరంగా వినిపించే సదుపాయం వచ్చింది. షేరు ధరైనా వాన లెక్కైనా ఎడమ నుంచి కుడికి పాటలా పలుకుతుంది. ఎక్కడ ఎగిసిందో, ఎక్కడ పడిందో వెంటనే తెలుస్తుంది. ఎంత అన్నది మాత్రం విడిగా మాటల్లో చెప్పించుకోవాలి. అడుగున ఒక షడ్జం మోగుతూ ఉంటే, ఆ మాటల అవసరం చాలా తగ్గుతుందని నా నమ్మకం. మన దగ్గర గుళ్లో భజనకి కూడా శ్రుతిపెట్టె లేకుండా కూర్చోరు. మీ శ్రుతి ఎంత అని అడిగితే ఒకటిన్నర, అయిదున్నర అని చెప్పే పాటగాళ్లు ప్రతి తెలుగు వాడలోనూ ఉంటారు. షడ్జ పంచమాలు పుట్టినప్పటి నుంచి వింటున్న చెవులకు, అర్థం లేని ఈలల కన్నా షడ్జానికి పంచమం దాకా ఎక్కింది అన్న కబురు తేలిగ్గా అందుతుంది.

ఈ పని ఎవరి కోసం చేయాలో కూడా గుర్తుపెట్టుకోవాలి. 1959లో మొదటి కొలిమి వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారంలో, రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ వ్యాగన్ షాపులో జీవితాలు గడిపిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. మోతల మధ్య పని చేసినవాళ్లకు ముందు పోయేది నాలుగు వేల కంపనాల చుట్టుపక్కల వినికిడి. ముసలితనంలో ఆ పైదంతా మసకబారుతుంది. నాలుగైదు వేలు దాటితే మంచి చెవికి కూడా రాగం తెలియదు. అందుచేత సమాచారం చెప్పే స్వరం మనిషి పాడగల మేరలో, రెండు మూడు స్థాయిల్లో ఉండాలి. కీచుమని అరిచే హెచ్చరికలు చేసేవాళ్లు ఎవరికి వినపడాలో వాళ్లకే వినపడకుండా చేస్తున్నారు.

ఛత్తీస్‌గఢ్‌లో రెండు విద్యాసంస్థలు 1956లోనే మొదలయ్యాయి. రాయపూర్‌లో గనులు, లోహశాస్త్రం కోసం పెట్టిన ప్రభుత్వ కళాశాల ఒకటి, అదే ఇప్పటి ఎన్ఐటీ. రాయపూర్‌కి పడమట ఖైరాగఢ్ రాజు, రాణి తమ కూతురు ఇందిర పేరు మీద రాజభవనమే ఇచ్చి పెట్టించిన సంగీత విశ్వవిద్యాలయం ఇంకొకటి. ఒకచోట సర్క్యూట్లు కట్టేవాళ్లున్నారు, రెండోచోట శ్రుతి తెలిసినవాళ్లున్నారు. వీళ్లు కలిసి కూర్చుని తేల్చవలసినవి చాలా ఉన్నాయి. అంకెలు పలికే స్వరానికి అడుగున షడ్జం ఒక్కటే చాలునా, పంచమం కూడా కావాలా? ధర పెరిగితే స్వరం హెచ్చాలా తగ్గాలా అని రాయపూర్‌లో చూపు లేని తెలుగు పిల్లలను, ఛత్తీస్‌గఢీ పిల్లలను అడిగితే ఒకే జవాబు వస్తుందా? తంబూరా నాదం మీద విన్న గ్రాఫుకూ, ఒట్టి ఈల మీద విన్న గ్రాఫుకూ జవాబుల్లో తేడా ఎంత? అడగడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఒక కంప్యూటరు, నాలుగు జతల హెడ్‌ఫోన్లు, అడిగి రాసుకునే ఓపిక చాలు.